మన గెడ్డ చేపను గుర్తుపడదాం

 

మన గెడ్డల్లో వేలెడంత చేపలు గుంపులుగా తిరుగుతుంటాయి. 'ఇదేం చేప?' అని మా హాస్టల్ పిల్లలను అడిగితే 'చిన్న చేప మేడమ్' అంటారు. మన అమ్మమ్మలు అలా అనరు, ఒక్కోదానికీ ఒక్కో పేరు చెబుతారు. ఆ పేర్లు నిలవాలంటే ముందు మనకు చేపను చూడటం రావాలి.

గాజు సీసాలో గెడ్డ నీళ్లు పోసి, చేపను వదిలి, పక్క నుంచి చూడండి. చార, మీసాలు, తోక, తల. ఈ నాలుగూ చూస్తే చాలు.

కంటి దగ్గర నుంచి తోక మొదలు దాకా ఒకటే నల్ల చార ఉందా? మీసాలు లేవా? తోక రెండుగా చీలి ఉందా? తల మీద పొలుసులు లేకుండా నున్నగా ఉందా? అయితే అది రాస్బోరా డానికోనియస్. హామిల్టన్ అనే శాస్త్రవేత్త 1822లో దీన్ని పుస్తకానికెక్కించాడు. మన బొచ్చె, శీలావతి చేపలకు ఇది చిన్న చుట్టం.

అలాంటి చారే ఉండి, నోటి దగ్గర నుంచి పొట్ట దాకా సాగే పొడవాటి మీసాలుంటే అది వేరే చేప, ఈసోమస్. నీళ్లలోంచి ఎగిరి దూకుతుంది, సీసా మీద గుడ్డ కప్పండి. చార ఒక్కటే చూసి పేరు చెప్పేయకండి, మీసం కూడా చూడండి.

మూడోది గంబూషియా. చార ఉండదు, ఒళ్లు బూడిద రంగు. తోక చీలదు, గుండ్రంగా ఉంటుంది. తల మీద కూడా పొలుసులుంటాయి. నోరు పైకి తిరిగి ఉంటుంది. గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. దోమ పిల్లలను తింటుందని 1928లో దీన్ని మన దేశానికి తెచ్చారు. కానీ ఇది ఇతర చేపల గుడ్లనూ, పిల్లలనూ కూడా తింటుంది. చెరువులోంచి సరదాగా సీసాలో పట్టి తెచ్చి గెడ్డలో వదిలితే, నష్టపోయేది మన చేపే. దోమ పిల్లలను రాస్బోరా కూడా తింటుంది, మరచిపోకండి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. చేపను చూసి, ఫోటో తీసి, మళ్లీ గెడ్డలోనే వదలండి. ఆ ఫోటో ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి, మన భాషలో దాని పేరేమిటో అడగండి. ఊరి పేరు, గెడ్డ పేరు, తేదీ కూడా పక్కన రాయండి. శాస్త్రం పెట్టిన పేరు పుస్తకంలో దొరుకుతుంది. మన పేరు మాత్రం అమ్మమ్మ దగ్గరే ఉంది, ఆమె ఉండగానే అడగాలి.