పన్ను తీయించుకునే ముందు, ఆ తర్వాత



ఇటీవల నాకు దవడ పన్ను తీశారు. మత్తు ఇంజెక్షను చీమ కుట్టినట్లుంది. ఆపై పన్నును నొక్కుతున్నట్లు, కదుపుతున్నట్లు తెలిసిందే గాని నొప్పి లేదు. కనుక భయం వద్దు, జాగ్రత్త కావాలి.

మనలో చాలామందిమి రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాం. పన్ను కోసమని వాటిని సొంతంగా మానకండి. చిగురు దగ్గర కారే రక్తాన్ని ఆపవచ్చు. గుండెలోనో మెదడులోనో గడ్డ కడితే ప్రాణం మీదికి వస్తుంది. మానాలా వద్దా అన్నది డాక్టర్లే చెప్పాలి. షుగరు, బి.పి., ఎముకల మందుల చీటీలన్నీ వెంట తీసుకువెళ్ళి చూపించండి.

పన్ను తీశాక గాజుగుడ్డను అరగంటసేపు కదపకుండా కొరికిపట్టండి. దివిసీమకు బస్సెక్కవలసినవారు ఉదయమే చూపించుకుని, రక్తం ఆగాకే బయలుదేరండి. గుంటలో గడ్డకట్టిన రక్తమే గాయానికి మూత. అది ఊడిపోకుండా 24 గంటలు పుక్కిలించవద్దు, గట్టిగా ఉమ్మవద్దు. కొబ్బరి నీళ్ళు స్ట్రాతో పీల్చక గ్లాసులో పోసుకు తాగండి. చుట్ట అలవాటున్నవారు గాయం మానేదాకా దాన్ని ముట్టవద్దు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలించండి.

మూడు, నాలుగు రోజులకు నొప్పి తగ్గకపోగా పెరిగితే ఓర్చుకుని కూర్చోకండి. వెంటనే మళ్ళీ డాక్టరుకు చూపించండి.