ప్రమాదకర వ్యర్థములు – పనివారికి శిక్షణ

ఈ మాటలు మీకు వినిపించుచున్న రేడియోకు విద్యుత్తు ఏ కొండలనుండి, ఏ గనులనుండి వచ్చినదో చెప్పుట కష్టము. అందులో ఒక పాలు సీలేరు నీటిది కావచ్చును. తూర్పు కనుమలలో మాచ్‌ఖండ్ అను పేర ప్రవహించి, దిగువన సీలేరను పేరు దాల్చి, ఈ నది శబరిలో కలియుచున్నది. శబరి గోదావరిని చేరుచున్నది. దారిలో ఆ నీరు మనకు అడుగడుగున ఊడిగము చేయుచున్నది. మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము 1955లో పని ప్రారంభించినది. అటుపిమ్మట సీలేరు గ్రామము చెంత 240 మెగావాట్ల ఎగువ సీలేరు కేంద్రము, పొల్లూరు వద్ద దిగువ సీలేరు కేంద్రము వెలసినవి.

జలవిద్యుత్తుకు పొగ లేదు, బూడిద లేదు. కావున వ్యర్థమే లేదని మనము తలచెదము. అది పూర్తిగా నిజము కాదు. తిరుగు యంత్రమునకు కందెన కావలెను. ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కకుండుటకు నూనె కావలెను. ఆ నూనె ఏండ్లు గడచినకొలది నల్లబడి, పనికిమాలి, పీపాలకెక్కును. అరిగిన బ్యాటరీలు, నూనె తుడిచిన గుడ్డలు, ఒలికిన చోట చల్లిన రంపపుపొట్టు దానికి తోడగును. వాడివేసిన నూనెను మన చట్టము ప్రమాదకర వ్యర్థముగా ఎంచినది. ఇది సీలేరు మాట మాత్రమే కాదు. ట్రాన్స్‌ఫార్మరు నిలిచిన ప్రతి ఊరి మాట.

ఆ పీపాను తాకువాడెవడు? నూనె గుణము నెరిగిన ఇంజనీరు దానిని దొర్లింపడు. దొర్లించువాడు, ఒలికినది తుడుచువాడు, లారీకెత్తువాడు చాలచోట్ల గుత్తేదారు తెచ్చిన దినకూలి. తాను ముట్టునది ఏమో అతనికి చెప్పువారుండరు. నేటి నా మనవి ఈ మనిషిని గూర్చి.

నూనెలన్నియు ఒక తీరువి కావు. నేటి ట్రాన్స్‌ఫార్మర్లలో సాధారణముగా ఉండునది ఖనిజ తైలము. అయితే 1929 మొదలుకొని కొన్ని దశాబ్దములపాటు పాలీక్లోరినేటెడ్ బైఫినైళ్లు, పొట్టిగా పి.సి.బి. అను రసాయనములు లోకమంతట విద్యుత్పరికరములలో వాడబడినవి. అవి సులభముగా అంటుకొనవు. అదియే వాటి గుణము. మట్టిలోను, నీటిలోను త్వరగా నశింపవు. అదియే వాటి దోషము. ప్రాణుల కొవ్వులో చేరి నిలిచిపోవును. అవి మానవులకు క్యాన్సరు కలిగింపగలవని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లో నిర్ణయించినది. 1968లో పశ్చిమ జపానులో ఒక కర్మాగారమున తవుడు నూనెను వేడిచేయు గొట్టములనుండి ఈ రసాయనము కారి, వంట నూనెలో కలిసినది. ఆ నూనె తిన్న కుటుంబములలో ఒడలెల్ల మొటిమలు లేచినవి, కాలుసేతులు తిమ్మిరెక్కినవి, గర్భస్థ శిశువులకు సైతము హాని కలిగినది. వేలకొలది జనులు బాధ చెప్పుకొనిరి. జపానీయులు ఆ వ్యాధికి పెట్టిన పేరు ‘యూషో’, అనగా నూనె జబ్బు.

మన దేశమున ఈ రసాయనముల తయారీని, దిగుమతిని 2016 నాటి ఉత్తరువు నిషేధించి, వాడుకను పూర్తిగా మాన్పుటకు 2025 డిసెంబరు 31 గడువుగా విధించినది. కాని పాత నూనె పీపాను చూచి అందులో ఈ విషము ఉన్నదా లేదా అని కంటితో గాని, వాసనతో గాని తేల్చలేము. పరీక్షించినగాని తెలియదు. తెలియనంతకాలము ఉన్నట్లే ఎంచి మెలగుట వివేకము.

1986లో అమెరికా దేశము విషవ్యర్థముల తావులను శుభ్రపరచు చట్టమును సవరించినపుడు, అట్టి చోట్ల పనిచేయువారికి శిక్షణ ఇచ్చు సంస్థలకు ప్రభుత్వ ధనము ఒసగు ఏర్పాటు చేసినది. కార్మిక సంఘములు, విశ్వవిద్యాలయములు ఆ ధనముతో తరగతులు నడుపుచున్నవి. నిత్యము ఆ పనిలో నుండువానికి 40 గంటల శిక్షణ, పిదప మూడు దినములు అనుభవజ్ఞుని కనుసన్నలలో పని. అప్పుడప్పుడు మాత్రము వచ్చువానికి 24 గంటలు. ఏటేట ఎనిమిది గంటల పునశ్చరణ.

ప్రభుత్వ వ్యయముతో కార్మికునికి చదువు చెప్పుట మనకును క్రొత్త కాదు. కార్మిక విద్యకై కేంద్ర బోర్డు 1958లోనే ఏర్పడినది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమములు ఇంకను స్పష్టముగా చెప్పినవి: వ్యర్థములు గల తావున పనిచేయువారికి తగిన శిక్షణను, సామగ్రిని, సమాచారమును అచటి యాజమాన్యమే సమకూర్పవలెను. వ్యర్థములను తిరిగి వినియోగమునకు తెచ్చు పనివారిని రాష్ట్ర కార్మిక శాఖ గుర్తించి, నమోదుచేసి, నైపుణ్య శిక్షణ నిప్పించి, ఏటేట వారి ఆరోగ్యమును, భద్రతను కనిపెట్టుచుండవలెను. కాగితముపై లోపము లేదు. కాని ఐదు దినముల కూలికి వచ్చి ఆరవనాడు పోడు చేనికి మరలిపోవువాడు ఈ రెండు ఏర్పాట్ల నడుమ జారిపోవును. అతడు ఎవరి పట్టికలోను ఉండడు.

అట్టివానికి నలుబది గంటల శిక్షణ ఎట్లు సాధ్యమని అడుగవచ్చును. అంత అక్కరలేదు. పీపాను ముట్టుటకు ముందు ఒక పూట చాలును. కాని మూడు విషయములు తప్పరాదు. మొదటిది, ఆ పూట కూలి పూటగా లెక్కకు రావలెను. కూలి పోవునన్న, ఆకలిగలవాడు పాఠమునకు రాడు. వచ్చినను మనసు పెట్టడు. రెండవది, పాఠము అతని భాషలో నుండవలెను. ప్రమాదకర వ్యర్థముల పీపాకు పసుపుపచ్చని చీటీ అంటించి, హెచ్చరికను హిందీ, ఇంగ్లీషు, స్థానిక భాషలలో ఎర్రని అక్షరములతో వ్రాయవలెనని నియమము. సీలేరు చుట్టుపట్ల మన్యములో ఇంట కువి పలుకువారున్నారు, ఆదివాసీ ఒడియా పలుకువారున్నారు. చదువురానివానికి తెలుగు చీటీయు మూగదే. ఆ గూడెములోని యువకుడొకడు ముందుగా నేర్చి, తనవారికి తన మాటలలో చెప్పిన అది హృదయమున నాటును. మూడవది, పాఠము చేతితో చేయించి నేర్పవలెను: తొడుగులు వేసికొనుట, వాటి వెలుపలి భాగము చర్మమునకు తగులకుండ విప్పుట, ఒలికిన నూనె వాగులోనికి పోకముందే ఇసుకతో కట్ట కట్టుట, అన్నము తినుటకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనుట, నూనె బట్టలను ఇంటికి తీసికొనిపోకుండుట.

ఈ కడపటి మాట గృహిణులు గూడ వినదగినది. విషము పనివానితో పాటు ఇల్లు చేరును. గట్టి ఇనుప పీపా కనబడిన నీళ్లకు, ధాన్యమునకు పనికివచ్చునని ఎవరికైనను ఆశ పుట్టును. కాని విషపదార్థము అంటిన ఖాళీ పీపాను సైతము నియమములు ప్రమాదకర వ్యర్థముగానే ఎంచినవి. ఎన్ని మారులు తోమినను అది నీళ్ల పీపా కాజాలదు. ట్రాన్స్‌ఫార్మరు నూనె కీళ్లనొప్పులకు మందని ఎవరైన చెప్పిన, ఆ మాట నమ్మవలదు.

సీలేరునుండి ఒక నూనె పీపా పరవాడ దాపున నున్న ప్రమాదకర వ్యర్థముల శుద్ధి కేంద్రమునకు పోవలెనన్న చింతపల్లి, నర్సీపట్నముల మీదుగా ఘాటు దిగవలెను. ఆ దారి పొడుగున వాగులున్నవి, సంతలున్నవి, పిల్లలు నడచు బడి బాటలున్నవి. ఆ పీపాకు మూత సరిగా బిగించినవాడు వారందరిని కాపాడినవాడగును. అతనికి పాఠము చెప్పుటకు అగు ఖర్చు ఒక పూట కూలి. అంతపాటి ఖర్చుకు ప్రభుత్వముగాని, యాజమాన్యముగాని, దీపము వెలిగించుకొను మనముగాని వెనుదీయుట న్యాయము కాదు.