స్టార్టరు పెట్టెమీది రెండు ముండ్లు



మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు ఎత్తైన మెట్టనేలలు. బాహుదా, పాలారు వంటి అచ్చటి యేరులు వానలు కురిసిన దినములలోనే పారును. కనుక మదనపల్లె టమోటా తోటకైనను, కుప్పము మల్బరీ తోటకైనను భూగర్భజలమే దిక్కు. మన పెద్దలు బావిగట్టున ఎద్దులను కట్టి కపిల తోలిరి. నేడు ఆ బావులు పెక్కు ఎండినవి. బోర్లు కొన్నిచోట్ల వెయ్యి అడుగులు దాటినవి. ఎద్దు అలసినచో నురుగు కక్కును, నిలిచిపోవును. పాతాళమున తిరుగు మోటారు అలసినది మనకెట్లు తెలియును? స్టార్టరు పెట్టెమీద గడియారముల వంటి మీటర్లు రెండు కలవు. ఒకటి ఓల్టులను, ఇంకొకటి ఆంపియర్లను చూపును. వాని ముండ్లు చెప్పు మాటను చదువుట యెట్లో నేడు ముచ్చటించుకొందము.

చెరువులో నీటి యెత్తు ఎంత హెచ్చైన తూమున నీరు అంత వడిగా పారును. కాలువ ఇరుకైనచో పారుదల తగ్గును. విద్యుత్తునందు ఓల్టేజి ఆ యెత్తు వంటిది. కరెంటు పారుదల వంటిది. తీగె చూపు అడ్డే నిరోధము. ఈ మూటికిని గల సంబంధమును 1827లో జర్మనీ దేశపు ఉపాధ్యాయుడు గేయార్గ్ ఓమ్ గ్రంథస్థము చేసెను. ఓల్టులను ఆంపియర్లచే భాగించిన నిరోధము వచ్చును. దానిని ఆయన పేరిటనే ఓములలో చెప్పుదుము. ఓల్టులను ఆంపియర్లచే గుణించిన, క్షణక్షణమును వ్యయమగు శక్తి వాట్లలో వచ్చును.

ఇంటిలోని ఇస్త్రీపెట్టెను చూడుడు. 230 ఓల్టులకు 1,000 వాట్లదైనచో అది 4.35 ఆంపియర్లు తీసికొనును. దాని నిరోధము సుమారు 53 ఓములు. ఓల్టేజి 180కి పడిపోయిన నిరోధము మారదు కనుక కరెంటు 3.4 ఆంపియర్లకు దిగును. శక్తి 612 వాట్లు మాత్రమే. బట్టల మడత పోదు, అంతే. పెట్టెకు హాని లేదు.

మోటారు సంగతి అట్లు కాదు. పంపు నీటిని ఎత్తుటకు ఇంత శక్తి కావలెనని పట్టుబట్టును. ఓల్టేజి తగ్గినచో మోటారు ఆ లోటును కరెంటుతో పూడ్చుకొనును. 400 ఓల్టుల వద్ద 10 ఆంపియర్లు తీసికొను మోటారు, 320 ఓల్టుల వద్ద సుమారు పన్నెండున్నర తీసికొనును. కరెంటు నాలుగవ వంతు పెరిగినది. వేడిమియు నాలుగవ వంతే పెరుగునా? కాదు. తీగెలో పుట్టు వేడిమి కరెంటు వర్గమునుబట్టి పెరుగునని జౌల్ పండితుడు 1841లో ప్రకటించెను. ఒకటిం పావును ఒకటిం పావుచే గుణించిన ఒకటిన్నరకు మించును. అనగా చుట్టలలోని వేడిమి సగమునకు పైగా హెచ్చినది. చుట్టపై పూత మాడి మోటారు కాలుట ఇట్లే. ఓల్టుల ముల్లు దిగుచుండగా ఆంపియర్ల ముల్లు ఎక్కుచున్నచో మోటారు ఆపవలెను. స్టార్టరు మాటిమాటికి పడిపోవుచున్నదని రిలేను పై అంకెకు త్రిప్పుట, కుక్క మొఱుగుచున్నదని దాని నోరు కట్టి దొంగకు తలుపు తెఱచుట వంటిది.

ఇక బోరులోనికి దిగు కేబులు. ఒక చదరపు మిల్లీమీటరు మందము, ఒక మీటరు పొడవు గల రాగితీగె నిరోధము 0.0172 ఓము. నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగె 300 మీటర్లు దిగినచో, అనగా ఇంచుమించు వెయ్యి అడుగులు, ఒక్కొక్క తీగెకు 1.29 ఓములు. 10 ఆంపియర్లు పారునపుడు ఒక తీగెలో 129 వాట్లు, మూటిలో 387 వాట్లు వేడిమిగా పోవును. ఒక గుఱ్ఱపుశక్తి 746 వాట్లు గదా. అర గుఱ్ఱము నీరు తోడకయే బోరులో అలసినట్లు! ఆరు చదరపు మిల్లీమీటర్ల కేబులు వేసిన ఈ నష్టము 258 వాట్లకు దిగును. కేబులు కొనునపుడు ధరను మాత్రమే కాక బోరు లోతునుగూడ అంగడివానికి చెప్పవలెను.

ఒక హెచ్చరిక. తిరుగుచున్న మోటారుకు ఓల్టులను ఆంపియర్లచే భాగించి వచ్చినది చుట్ట నిరోధము కాదు. మూడు ఫేజుల మోటారు శక్తి తెలియుటకు ఓల్టులను, ఆంపియర్లను, 1.732ను, పవర్ ఫాక్టరును గుణింపవలెను. 400 ఓల్టులు, 10 ఆంపియర్లు, పవర్ ఫాక్టరు 0.8 అయినచో సుమారు 5,540 వాట్లు. అందులో కేబులు మ్రింగిన 387 వాట్లు నూటికి ఏడు పాళ్లు.

2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ప్రారంభమైనది. ఉచితమైనదానికి లెక్క యేల అని కొందరందురు. కరెంటు ఉచితమైనను కాలిన మోటారును పైకి లాగి చుట్టించుట ఉచితము కాదు. ఆ వారము రోజులలో వాడిన పైరును ఎవరును తిరిగి యియ్యరు. ఇది ఒక్క రైతు లెక్కయు కాదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింద మోటార్లు మితిమీరినచో లైను తీగెలలోను ఇదే గుణకారము జరిగి, చిట్టచివరి పొలమున ఓల్టేజి పడిపోవును. మొదటివాని తొందర చివరివాని మోటారును కాల్చును.

కనుక మా మనవి యిది. మోటారు బాగుగా నీరు పోయుచున్న దినమున రెండు ముండ్లు చూపిన అంకెలను స్టార్టరు గదిగోడపై బొగ్గుతోనైనను వ్రాసియుంచుడు. ఓల్టులు నిలకడగా నుండి ఆంపియర్లు నానాటికి పెరుగుచున్నచో మోటారులోనో పంపులోనో చిక్కు పుట్టినది. ఓల్టులు సరిగా నుండియు ఆంపియర్లు ఒక్కసారిగా పడిపోయినచో బోరులో నీరు అడుగంటియుండవచ్చును, వెంటనే ఆపుడు. పెట్టె మూత తెఱచి చేయి పెట్టవలదు. ఆ పని తెలిసిన పనివానిది. అంకెలు చదువుట మాత్రము మనది. బడికి పోవు పిల్లవానిని ప్రక్కన నిలుపుకొని, ఈ గుణకారమును వానిచేతనే చేయింపుడు.