తుపాకి గొట్టము ఎంత పొడవుండవలెను?
(ప్రసంగ పాఠము)



బెంగాలు–నాగపూరు రైల్వేవారి కర్మాగారము వెలసిన నాటినుండి ఖరగ్‌పూరు తెలుగువారికి రెండవ పుట్టినిల్లయినది. తాతలనాటి జంటగొట్టాల తుపాకి మిగిలిన ఇండ్లలో ఒక మాట తరచు వినవచ్చును: గొట్టము ఎంత పొడవైన, దెబ్బ అంత దూరము పోవునని. ఖరగ్‌పూరు స్టేషను ప్లాటుఫారము 1072 మీటర్ల పైచిలుకు పొడవుతో చిరకాలము ప్రపంచమున ప్రథమస్థానము వహించినది. అంతమాత్రమున అచట ఆగిన పాసింజరు మెయిలు కాలేదు గదా! తుపాకి సంగతియు ఇంచుమించు అంతే.

ఈ నమ్మకమునకు మూలము లేకపోలేదు. పూర్వపు నల్లమందు నెమ్మదిగా కాలెడిది. దాని బలమంతయు గుండ్లకు అందవలెనన్న పొడవైన గొట్టము అవసరమయ్యెను. పందొమ్మిదవ శతాబ్దాంతమున పొగలేని మందు వాడుకలోనికి వచ్చినది. అది గొట్టపు మొదటి భాగముననే చాలవరకు కాలిపోవును. సెకనుకు సుమారు 1200 అడుగుల వేగముతో వెడలు గుండ్లకు, గొట్టము ఒక అంగుళము పెరిగినచో కలిసివచ్చునది 5 నుండి 10 అడుగులు మాత్రమే. 26 అంగుళముల తుపాకికిని 30 అంగుళముల తుపాకికిని గల భేదము 20 మొదలు 40 అడుగులు. పిట్టకు ఆ తేడా తెలియదు.

మరి పొడవువలన ప్రయోజనమేమి? అది చేతివాటమునకు, చూపునకు సంబంధించినది. పొడవైన గొట్టము నిలుకడగా తిరుగును. చూపునకు నిడుపైన గీత దొరకును. చెరువుపై ఎగురు బాతుల వేటకు 28, 30 అంగుళములు మేలనుట ఇందువలననే. మేదినీపురపు గుగ్గిలపు చెట్ల అడవులలో ఒక చెట్టునకు మరియొక చెట్టు అడ్డు. పొదనుండి లేచిన కౌజు రెండు క్షణములలో మాయమగును. అచట చురుకుగా భుజమునకెక్కు 26 అంగుళములే అక్కరకు వచ్చును. 1920 ప్రాంతముల ఇంగ్లండున రాబర్ట్ చర్చిల్ 25 అంగుళముల తుపాకిని ప్రచారముచేసి, పొట్టిదియు పనికివచ్చునని నిరూపించెను.

దూరమును నిర్ణయించునది గొట్టపు మూతివద్ద ఉండు ఇరుకు. దీనినే చోక్ అందురు. 40 గజముల దూరమున 30 అంగుళముల వలయము గీసి పేల్చినచో, ఇరుకులేని గొట్టమునుండి నూటికి 40 గుండ్లు అందు పడును. పూర్తి చోక్ గలదానినుండి 70 పడును. అంతకు మించిన దూరమున గుండ్లు చెదరి పలుచబడును. పొడుగు తుపాకిని నమ్మి 60 గజములకు పేల్చినవాని గుండ్లలో ఒకటో రెండో తగిలిన పక్షి, పడక ఎగిరిపోయి, ఏ తుప్పలోనో రెండు దినములు బాధపడి చచ్చును. ఈ తగవులో నష్టపోవునది ఆ మూగజీవమే.

కాలము మారినదనియు గుర్తింపవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 1991లో జరిగిన సవరణ వినోదపు వేటకు స్వస్తి చెప్పినవి. పంటను పాడుచేయు జంతువునైనను అధికారుల అనుమతి లేక చంపరాదు. అయినను 2018 ఏప్రిలులో మేదినీపురమునకు చేరువనున్న బాఘ్‌ఘోరా అడవిలో ఒక పెద్దపులి బల్లెపు పోట్లతో చచ్చి కనబడినది. చట్టము ఉన్నంతమాత్రమున అడవికి రక్షణ చేకూరదు.

కావున తాతగారి తుపాకి చేతికి వచ్చినవారు మొదట తమ పేర లైసెన్సు పొందవలెను. పొడవు ఎక్కువైనదని గొట్టమును కోయింపరాదు. 1959 నాటి ఆయుధముల చట్టము 6వ సెక్షను ప్రకారము అందుకు ప్రత్యేకముగ లైసెన్సు కావలెను. పైగా మూతి కోసినచో అచటనున్న చోక్ కూడ పోవును. పాత గొట్టము నేటి తూటాకు ఆగునో లేదో నిపుణునిచే పరీక్ష చేయించుట ప్రాణావసరము. గురి సరదా తీరవలెనన్న అనుమతిగల షూటింగు రేంజిలో మట్టి పళ్లెములు ఉన్నవి. హైదరాబాదు యువకుడు కైనాన్ చెనాయ్ ఆ విద్యతోనే 2016లో రియో ఒలింపిక్సు దాక పోయెను. ఆ క్రీడలో 30, 32 అంగుళముల గొట్టములకు నేటికిని గౌరవము కలదు.

తుపాకి ఎన్నుకొనువాడు అంగుళములకన్న ముందు గజములు లెక్కింపనేర్వవలెను. ఏ దూరమున పేల్చరాదో ఎరిగినవానికి ఏ పొడవైనను చాలును.