వాసన తెలియకపోతే



చూపు మందగిస్తే వైద్యుని యొద్దకు వెళ్లే మనం, వాసన తెలియకపోతే జలుబేలే అని ఊరకుంటాం. వాసనను మోసే సన్నని నరాలు ముక్కు పైనున్న జల్లెడ వంటి ఎముక రంధ్రాల గుండా మెదడును చేరుతాయి. తలకు గట్టి దెబ్బ తగిలితే అవి తెగిపోవచ్చు. పార్కిన్సన్ వ్యాధిలో చేతి వణుకుకు ఏళ్ల ముందే వాసన తగ్గవచ్చు. 2020లో కోవిడ్ సోకిన అనేకులకు, ఈ నరాలకు ఊతమిచ్చే కణాలు దెబ్బతిని వాసన పోయింది.

వంటగ్యాసుకు వాసన కలిపేది లీకయితే తెలియడానికే. ఆ వాసన తెలియని వృద్ధులు ఒంటరిగా వండుకోవడం ప్రమాదం. గనుక జలుబు తగ్గినా వాసన తిరిగి రాకపోతే వైద్యునికి చూపించండి. మీ ఇంటి పెద్దలను, పోపు వాసన తెలుస్తోందా అని ఈవేళే అడగండి.