ముందు మరమ్మతు, ఆ తర్వాతే మార్పులు



బందరు గ్రంథాలయం వారు సొంత చేతులతో కారు బాగుచేసుకోవడం గురించి ఇక్కడ మాట్లాడమన్నారు. విషయం పెద్దది, నాకిచ్చిన సమయం చిన్నది. అందుకని ఒకే ఒక్క కారు పట్టుకుంటాను. మారుతి 800. ఈ హాల్లో దాన్ని ఒక్కసారైనా ఎక్కనివాళ్ళు ఉంటారని నేననుకోను. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందించారు. 2014 జనవరిలో తయారీ ఆగింది. ఆ ముప్పై ఏళ్ళలో పాతిక లక్షలకు పైగా బండ్లు రోడ్డెక్కాయి. 2010లో భారత్ స్టేజ్ 4 నిబంధనలు వచ్చినప్పుడు హైదరాబాదుతో సహా 13 నగరాల్లో దీని అమ్మకం ఆపేశారు. చిన్న ఊళ్ళలో మాత్రం ఆ తర్వాత కూడా కొత్త బండి దొరికింది. ఇప్పుడు ఆ బండ్లన్నీ తాతల నుంచి మనవళ్ళ చేతికి వస్తున్నాయి. మనవళ్ళేమో వాటికి కొత్త చక్రాలు, కొత్త సైలెన్సరు, కొత్త లైట్లు పెట్టాలని ఉబలాటపడుతున్నారు.

ఆ ఉబలాటం మంచిదే. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బండి లేదు. 796 సీసీ ఇంజను, మూడే సిలిండర్లు, మొత్తం బండి బరువు ఆరున్నర క్వింటాళ్ళ చుట్టుపక్కల. బానెట్ ఎత్తితే ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్, కార్బొరేటర్ అన్నీ కంటికి కనపడతాయి, చేతికి అందుతాయి. 2000 తర్వాత వచ్చిన, ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ బండ్లలో కంప్యూటర్ ఉంది గానీ, అంతకు ముందు వాటిలో అదీ లేదు.

అయితే ఒక వరస ఉంది. మొదట చూడాలి, తర్వాత కొలవాలి, ఆ తర్వాత బాగుచేయాలి. మార్పులు అన్నిటికన్నా చివర. మన కుర్రాళ్ళు చివరిదానితో మొదలుపెడుతున్నారు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క ముక్కే.

పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పే రోజుల నుంచీ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: “సార్, ఏం పెట్టిస్తే పికప్ పెరుగుతుంది?” నేను తిరిగి అడిగేదీ ఒకటే: “కంపెనీ ఇచ్చిన పికప్ ఇప్పుడు ఉందా?” కార్బొరేటర్ రోజుల్లో ఈ ఇంజను ఇచ్చేదే నలభై హార్స్‌పవర్ లోపు. అందులో కొంత మసిపట్టిన ఎయిర్ ఫిల్టర్ తినేసి, కొంత అరిగిన ప్లగ్గు తినేసి, ఇంకొంత పట్టేసిన బ్రేకు తినేస్తే మనకు మిగిలేదెంత? మట్టంగా ఉన్న చోట బండిని న్యూట్రల్‌లో పెట్టి తొయ్యండి. ఒక్క మనిషి తోస్తే తేలిగ్గా కదలాలి. కదలకపోతే బ్రేకు ఎక్కడో పట్టేస్తోంది. పది కిలోమీటర్లు నడిపి దిగి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి మాత్రం సెగలు కక్కుతుంటే దోషి అదే. దీనికి పైసా ఖర్చు లేదు.

తర్వాత ప్లగ్గులు విప్పండి. కొసన బిస్కెట్ రంగు ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి ఎక్కుతోంది. తెల్లగా మాడినట్టుంటే పెట్రోలు చాలడం లేదు, లేదా ఇంజను మరీ వేడెక్కుతోంది. మూడు ప్లగ్గులనూ ఏ సిలిండర్‌ది ఆ సిలిండర్ వరసలో ఒక కాగితం మీద పెట్టండి. మూడూ ఒకేలా చెడి కనిపిస్తే తేడా కార్బొరేటర్‌లోనో ఫిల్టర్‌లోనో ఉంటుంది. ఒకటే వేరుగా ఉంటే ఆ సిలిండర్‌లో వెతకాలి.

ఇక వేడెక్కడం సంగతి. మన దగ్గర ఒక అలవాటు ఉంది. బండి హీటెక్కుతోందని షెడ్డుకు తీసుకెళ్తే, చాలా చోట్ల మొదట చేసే పని థర్మోస్టాట్ వాల్వు పీకి అవతల పారేయడం. “మనది ఎండల దేశం, ఇది చలి దేశాల వాళ్ళకు” అంటారు. ఇది పొరపాటు మాట. ఆ వాల్వులో మైనం నింపిన చిన్న గొట్టం ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు వాల్వు మూసుకుని ఉంటుంది, నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా ఇంజనులోనే తిరుగుతాయి. వేడి ఎనభై డిగ్రీలు దాటాక మైనం కరిగి ఉబ్బుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. దాన్ని తీసేస్తే ఇంజను ఎప్పటికీ సరైన వేడికి రాదు. పెట్రోలు సరిగా ఆవిరి కాదు. కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. మైలేజీ పడిపోతుంది, ఇంజను తొందరగా అరుగుతుంది. అసలు రోగం మాత్రం అలాగే ఉంటుంది.

ఆ వాల్వు మంచిదో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బయటికి తీసిన వాల్వు నోట్లో ఒక దారం ఇరికించి, దారంతో పట్టుకుని, పనికిరాని గిన్నెలో నీళ్ళు పోసి అందులో వేలాడదీయండి. వాల్వు గిన్నెకు ఆనకూడదు. నీళ్ళలో థర్మామీటర్ పెట్టి స్టవ్ మీద కాయండి. వాల్వు తెరుచుకోగానే దారం వదిలేసి అది నీళ్ళలో పడిపోతుంది. ఆ క్షణంలో థర్మామీటర్ ఎంత చూపించిందో రాసుకోండి. వాల్వు ఎన్ని డిగ్రీలకు తెరుచుకోవాలో ఆ అంకె దాని మీదే ముద్రించి ఉంటుంది. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే వాల్వు తప్పేం లేదు, తిరిగి బిగించండి. నీళ్ళు సలసల మరిగినా దారం వదలకపోతే కొత్తది వేయండి.

వాల్వు మంచిదైతే మరి వేడెందుకు? మన తీరంలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని మీకు నేను చెప్పక్కర్లేదు. ఏళ్ళ తరబడి అవే పోస్తే రేడియేటర్ గొట్టాలు గార, తుప్పు పట్టి మూసుకుపోతాయి. లేదా ఫ్యాను స్విచ్చి పనిచేయదు. లేదా రేడియేటర్ మూత స్ప్రింగు సత్తువ పోతుంది. మూత ఒత్తిడి నిలబెడితేనే నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరగకుండా ఆగుతాయి. ఈ మూడూ చూసుకుని, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి. వేడిమీద ఉన్న రేడియేటర్ మూత మాత్రం ఎన్నడూ తిప్పకండి. సలసల కాగే నీళ్ళు ముఖం మీదికి చిమ్ముతాయి. ఇదంతా ఎందుకంటే, ఈ ఇంజను హెడ్డు అల్యూమినియం. ఒక్కసారి బాగా వేడెక్కితే వంగుతుంది. హెడ్ గ్యాస్కెట్ పోతుంది. నాలుగు రూపాయల దగ్గర ఆగాల్సింది వేలల్లోకి వెళ్తుంది.

రెండో ఫిర్యాదు లైట్లు. “రాత్రి చల్లపల్లి రోడ్డులో ఏమీ కనపడటం లేదండీ” అంటారు. షాపుకెళ్తే 100/90 వాట్ల బల్బు చేతిలో పెడతారు. కంపెనీ పెట్టింది 60/55 వాట్లది. ఇక్కడ మల్టీమీటర్ తీయండి. ఇంజను నడుస్తుండగా, లైట్లు వేసి, బ్యాటరీ దగ్గర కొలవండి, ఇంచుమించు 14 వోల్టులు ఉంటుంది. తర్వాత బల్బు హోల్డర్ వెనక కొలవండి. పాత బండిలో అక్కడ 12కు అటూ ఇటూ చూపిస్తే ఆశ్చర్యపోకండి. మధ్యలో రెండు వోల్టులు ఎక్కడికి పోయాయి? రెండు లైట్లకు కలిపి దాదాపు తొమ్మిది ఆంపియర్ల కరెంటు స్టీరింగ్ పక్కనున్న ఆ చిన్న స్విచ్చిలోంచి, పాతికేళ్ళ సన్న వైర్లలోంచి పోవాలి. దారిలోనే వేడిగా మారి పోతోంది. హాలోజెన్ బల్బుకు వోల్టేజీ నూటికి పది తగ్గితే వెలుగు నూటికి ముప్పై దాకా తగ్గుతుంది. ఇలాంటి చోట పెద్ద బల్బు పెడితే కరెంటు పెరుగుతుంది, నష్టం ఇంకా పెరుగుతుంది, చివరికి హోల్డర్ కరిగిపోతుంది. ఎదుటివాడి కళ్ళు జిగేల్మనడం అదనం.

మందు ఇది. ముందు లైట్ల ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు గీకి, శుభ్రంగా బిగించండి. చాలకపోతే రెండు రిలేలు కొని, బ్యాటరీ నుంచి మందపాటి వైరు, బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు పెట్టి, లైట్లకు నేరుగా కరెంటు ఇవ్వండి. పాత స్విచ్చి రిలేలకు సైగ చేస్తుందంతే. బల్బు అదే 60/55. మార్పులన్నిటిలో నేను నోరారా చెయ్యమని చెప్పేది ఇదొక్కటే.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. బాడీ అంతా నెగటివే కాబట్టి, మొదట పాజిటివ్ మీద పానా పెడితే, అది బాడీకి తగిలిందంటే నిప్పులే. నెగటివ్ తీసేశాక ఆ భయం లేదు. అలాగే జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి తల పెట్టకండి. జాకీ టైరు మార్చడానికే. కిందికి దూరాలంటే ఇనప స్టాండ్లు కావాలి. ఇటుకలు పగిలిపోతాయి, వాటిని నమ్మొద్దు.

తుప్పు గురించి బందరులో మాట్లాడకపోతే తప్పు. ఉప్పు గాలి మన బండ్లను లోపలి నుంచి తింటుంది. తలుపు అడుగున చిన్న రంధ్రాలుంటాయి. అద్దం పక్కనుంచి దిగిన వాన నీళ్ళు పోవడానికి అవి. మట్టితో పూడుకుపోతే నీళ్ళు తలుపులోనే నిలుస్తాయి. సన్న పుల్లతో వాటిని తీసి ఉంచండి. వానాకాలంలో కాళ్ళ దగ్గర మ్యాట్లు ఎత్తి చూడండి. బ్యాటరీ కింద తెల్లటి పొడి కనపడితే వంట సోడా కలిపిన నీళ్ళతో కడగండి. తుప్పు మీద పుట్టీ పూసి రంగేస్తే ఒక్క వానాకాలం దాటుతుంది. కుళ్ళిన రేకు కోసి కొత్తది అతికించడమే అసలు వైద్యం.

ఇంకో కొత్త సంగతి. ఇప్పుడు బంకులో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలు దానికి ఉబ్బుతాయి, పగులుతాయి. ట్యాంకులో పేరుకున్న మడ్డి కదిలి కార్బొరేటర్ జెట్లకు అడ్డం పడుతుంది. పెట్రోలు గొట్టాలన్నీ ఒకసారి వంచి చూడండి, పగుళ్ళుంటే ఇథనాల్‌కు తట్టుకునేవి వేయండి. లీకేజీ వెతకడానికి అగ్గిపుల్ల వెలిగించే మహానుభావులు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

ఇప్పుడు కుర్రాళ్ళు ఎదురుచూస్తున్న మార్పుల దగ్గరికి వస్తాను. మొదట చక్రాలు. 800కు వచ్చే టైరు 145/70 ఆర్ 12. 145 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో నూటికి డెబ్బై వంతులు గోడ ఎత్తు, 12 అంగుళాల రిమ్ము. లెక్క కడితే చక్రం ఎత్తు 508 మిల్లీమీటర్లు. బెజవాడ ఆటోనగర్ వెళ్ళి అల్లాయ్ వీల్స్ మీద 155/65 ఆర్ 13 వేయిస్తే అది 532 అవుతుంది. దాదాపు ఐదు శాతం ఎక్కువ. బండి నిజంగా 60లో పోతుంటే మీటరు 57 చూపిస్తుంది. గేర్లు ఐదు శాతం బరువెక్కినట్టే, అంటే అడిగిన పికప్ ఇంకా తగ్గింది. పవర్ స్టీరింగ్ లేని బండి కాబట్టి చేతులు కూడా నొప్పెడతాయి. రోడ్డు మీద పట్టు చాలడం లేదని మీ బాధయితే ముందు సస్పెన్షన్ బుష్షులు, బాల్ జాయింట్లు, షాకబ్జార్బర్లు చూడండి. అవి కొత్తవైతే 12 అంగుళాల చక్రం మీదే బండి ఎంత నిలకడగా ఉంటుందో తెలుస్తుంది. బండి కిందికి కూచోవాలని స్ప్రింగులు గ్యాస్‌తో కోయించేవాళ్ళున్నారు. ఆ వేడికి ఉక్కు పదును పోతుంది. ఆ పని వద్దు.

ఇంజను మార్పు దాకా వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. మారుతి జెన్‌లోని 993 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజను తెచ్చి పెడతారు. శక్తి పెరుగుతుంది, నిజమే. మరి బ్రేకులు ఆ శక్తికి చాలుతాయా? రేడియేటర్ చాలుతుందా? ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరు, సీసీ సంగతేమిటి? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చే మార్పులు యజమాని సొంతంగా చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట వెతికేదీ ఇలాంటి మార్పులే. అంతగా కావాలంటే ముందు ఆర్టీఏ అనుమతి తీసుకోండి.

మరి అన్నీ ఇంట్లోనే చేయాలా? అక్కర్లేదు. ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, ఎర్త్ వైర్లు, గొట్టాలు, తుప్పు కాపలా మీవి. టైమింగ్ బెల్టు, బ్రేకు సిలిండర్లు, వెల్డింగ్ మాత్రం పని తెలిసిన మెకానిక్‌వి. బ్రేకు ఆయిల్ గాల్లోని తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకోసారి మార్పించండి, పక్కన నిలబడి చూడండి. చూసిన పని గురించి అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది, మెకానిక్ ఇచ్చే జవాబూ వేరుగా ఉంటుంది.

చివరగా రెండు విన్నపాలు. మొదటిది గ్రంథాలయం వారికి. మన ఊళ్ళో నలభై ఏళ్ళుగా ఈ బండి మీద చెయ్యి పెట్టిన మేస్త్రులున్నారు. వాళ్ళు చెప్పింది తెలుగులో రాయించి ఇక్కడ ఉంచండి, అది చాలామందికి అక్కరకొస్తుంది. రెండోది కుర్రాళ్ళకు. ఒక మల్టీమీటర్, సన్న సందులు కొలిచే ఒక ఫీలర్ గేజ్, మంచి పానాల సెట్టు, ఒక నోటుపుస్తకం కొనుక్కోండి. అల్లాయ్ చక్రాలకు దాచిన డబ్బులో నాలుగో వంతు కూడా కాదు. మీ బండిని ముందు కంపెనీ గేటు దాటిన రోజున్నట్టు తయారు చేయండి. ఆ తర్వాత కూడా మార్పులు కావాలనిపిస్తే అప్పుడు రండి, కూచుని మాట్లాడుకుందాం.