వేసవిలో నీళ్లు పోసేదెవరు?

ఈ రోజు బీఎడ్ పట్టా అందుకున్న మీకు, మిమ్మల్ని ఇంతదాకా చదివించిన అమ్మానాన్నలకు ముబారక్.

కిషన్‌బాగ్‌లో నిలబడి మూసీ పేరెత్తకుండా ఉండలేను. ఇక్కణ్నుంచి నడిచి వెళ్లేంత దూరం. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన ఆ నీరు మన పేటల దాకా వచ్చేసరికి మురుగైపోతోంది. రేపు మీ తరగతిలో ఓ పిల్లాడు లేచి, "సార్, నేనొక్కణ్ని కవర్ పారేయకపోతే నది బాగవుతుందా?" అని అడుగుతాడు. బాగవుతుందని అబద్ధం చెప్పకండి. మూసీకి కావలసింది మురుగు శుద్ధి కేంద్రాలు, ఏళ్ల తరబడి పెద్దవాళ్ల పట్టుదల. మనం చేయాల్సిన పనిని పసివాళ్ల నెత్తిన పెట్టడం అన్యాయం. కానీ ఆ పిల్లాడి చేతులకు సరిపోయే పని కూడా ఉంటుంది. దాన్ని వెతికి అప్పజెప్పడం మీ వంతు.

ఆ నది పక్కనే, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, ఒక చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు 28న వరద నగరాన్ని ముంచెత్తినప్పుడు సుమారు 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారి సలహాతో గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. అవి ప్రభుత్వాలు చేసే పనులు. చింత మాత్రం ఒకప్పుడు మేక కొరికితే పోయేంత మొలక. ఆ తొలి వేసవులు దాటింది కాబట్టే అంతమందిని మోసింది.

పర్యావరణ విద్యను బడుల్లో తప్పనిసరి చేయాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. పాఠం వచ్చింది, పరీక్షా వచ్చింది. ప్రాజెక్టు పేరుతో థర్మాకోల్ భూగోళాలు కూడా వచ్చాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ థర్మాకోల్ ఆఖరికి చేరేది నాలాలోకే.

దానికి బదులు వనజీవి రామయ్య గారి గురించి మీ పిల్లలకు చెప్పండి. ఖమ్మం పక్కన రెడ్డిపల్లి ఆయనది. 2017లో పద్మశ్రీ అందుకున్నారు, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. కోటికి పైగా మొక్కలు నాటారంటారు. నేనైతే తరగతిలో ఆ కోటి దగ్గర ఆగను. అంత పెద్ద లెక్క వింటే పసివాడు చప్పట్లు కొట్టి కూర్చుంటాడు. ఆయన సైకిలు గురించి చెబుతాను, ఏరుకున్న గింజల గురించి, తోడు నడిచిన భార్య జానమ్మ గారి గురించి చెబుతాను. గింజ ఏరడం అయిదేళ్లవాడికీ వచ్చు.

నా తప్పు కూడా వినండి. నేను పనిచేసిన ఒక బడిలో ఒక జూలైలో నలభై మొక్కలు నాటించాను. ఫొటోలు దిగాం, మిఠాయి పంచాం. మరుసటి జూన్‌కి మూడు మిగిలాయి. పిల్లల తప్పేమీ లేదు. ఏప్రిల్‌లో బడికి తాళం పడితే మొక్కలేమవుతాయని నేనే ఆలోచించలేదు.

తర్వాతి ఏడు ఆరే నాటాం. బడి పక్క గల్లీల్లో ఉండే పిల్లల్ని ఏరి, మొక్కకు ఇద్దర్ని పెట్టాను. చౌకీదారు చాచాతో గేటు సంగతి ముందే మాట్లాడాను. ఆ గల్లీల్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, చెట్టుకు మంచినీళ్లెవరిస్తారు? దారి పిల్లలే కనిపెట్టారు. ఒకమ్మాయి బియ్యం కడిగిన నీళ్లు సీసాలో తెచ్చేది. ఇంకొకడు వాళ్ల నానీ నమాజుకు ముందు వజూ చేసుకునేటప్పుడు కింద తసలా పెట్టి, ఆ నీళ్లు మోసుకొచ్చేవాడు. ఏ పుస్తకంలోంచీ నేను వాళ్లకు చెప్పలేదది.

జూన్ 12న బడి తెరిచేసరికి అయిదు బతికున్నాయి. ఆ అమ్మాయి బ్యాగైనా దించకుండా పరుగెత్తి, తన వేపకు భుజం ఆనించి కొలుచుకుంది. ఎండిన ఆరో మొక్క పిల్లల్లో ఒకడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "సార్, ఔర్ ఏక్ దేతే క్యా?" అన్నాడు, ఇంకొకటి ఇస్తారా అని. నా ఉద్యోగంలో అంత మంచి ప్రశ్న మళ్లీ వినలేదు.

అందుకే మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. మీ బడి రిజిస్టరులో జూలైలో నాటినవాటి లెక్క వద్దు, మరుసటి జూన్‌లో బతికున్నవాటి లెక్క రాయండి. ఆవరణ లేని బడైతే ఒక కుండీ, ఒక కరివేపాకు మొక్క చాలు.

బయటికి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర మీకు తలా ఒక కవరు ఇస్తారు. అందులో అయిదు చింతగింజలున్నాయి. నాటే ముందు ఒక రాత్రంతా నానబెట్టండి. కవరు మీద రెండు గీతలు గీసి ఉంటాయి. మొదటిది, మొక్క ఏ పిల్లలదో రాయడానికి. రెండో గీత పక్కన "వేసవిలో నీళ్లు పోసేవారు" అని ఉంటుంది. అది నింపాకే గింజ మట్టిలో పెట్టండి.